అధ్యాపకుల శిక్షణ: చెప్పినదేమి, చేసినదేమి?

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పదలచిన వానికి డిగ్రీ ఒక్కటి చాలదు. బి.ఎడ్. చదువవలెను. పిల్లల ఎదుట నిలిచి పాఠము చెప్పి పరీక్షకుని మెప్పింపవలెను. ఆపైన అర్హత పరీక్ష నెగ్గవలెను. అదే భౌతికశాస్త్రమును కళాశాలలోగాని, విశ్వవిద్యాలయములోగాని చెప్పదలచిన వానికి ఇట్టి నిర్బంధమేదియు లేదు. ఎం.ఎస్‌సి. పట్టమునకు తోడు పరిశోధన పట్టమో, జాతీయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణతయో ఉన్న చాలును. ఇతర విషయములలో జరుపు అట్టి పరీక్ష మొదటి పత్రములో బోధనను గూర్చి కొన్ని ప్రశ్నలుండుమాట నిజమే. కాని అచ్చట ఇచ్చిన నాలుగు జవాబులలో ఒకదానిని గుర్తించుటయే పని. ఈత వచ్చునా అని కాగితముమీద అడిగి తెలిసికొనుట వంటిదది. పన్నెండేండ్ల పిల్లవానికి చెప్పువాడు బోధన నేర్చుకొని రావలెననియు, ఇరువదియేండ్ల వానికి చెప్పువానికి విషయము తెలిసిన చాలుననియు ఒక భావము పాతుకొని యున్నది. ఇది భారతదేశమునకే పరిమితము కాదు. అమెరికా విశ్వవిద్యాలయములలోను ఇదే వాడుక.

ఈ లోటును పూడ్చుటకు పుట్టినదే అధ్యాపకుల వర్క్‌షాపు. ఉద్యోగములో చేరిన అధ్యాపకులను కొన్నాళ్లపాటు ఒకచోట చేర్చి, బోధనా పద్ధతులను పరిచయము చేసి, తిరిగి వారి వారి కళాశాలలకు పంపుట దీని స్వరూపము. భారతదేశమున ఈ ఆలోచన పాతదే. డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన పనిచేసిన విద్యా కమీషను 1966లో సమర్పించిన నివేదికలోనే కొత్త అధ్యాపకులకు ఇట్టి తరగతులు నడుపవలెనని సూచించినది. 1986 నాటి జాతీయ విద్యావిధానము వెలువడిన పిమ్మట విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పసాగినది. తెలుగునాట హైదరాబాదు, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములలో ఇట్టివి వెలసినవి. 2015లో వీనికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రములని పేరు మార్చిరి. 2023లో ఇవి మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రములైనవి. నలుబది ఏండ్లలోపల మూడు పేర్లు! పేరు మార్చుట తేలిక. అచ్చట శిక్షణ పొంది వెళ్లిన అధ్యాపకుని తరగతిలో పాఠము మారినదా అనునది వేరు ప్రశ్న. ఆ ప్రశ్నను సూటిగా అడిగి, వచ్చిన జవాబు రుచింపకున్నను దాచక ప్రకటించిన పరిశోధన యొకటి అమెరికాలో జరిగినది. విజ్ఞానశాస్త్రము బోధించు ప్రతివారును దానిని తెలిసికొనదగును. అందలి లోపములను గూడ తెలిసికొనదగును.

మొదట శిబిరముల సంగతి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003లో ఒక నివేదిక ప్రచురించి, జీవశాస్త్రము ఎంతో ముందుకు పోయినను దానిని కళాశాలలో బోధించు తీరు వెనుకబడియే యున్నదని చెప్పినది. ఆ మరుసటి ఏడు, అనగా 2004 వేసవిలో, విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ నగరములోని విశ్వవిద్యాలయములో ఒక వారముపాటు జీవశాస్త్ర అధ్యాపకులకు శిబిరము ప్రారంభమైనది. సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు జో హాండెల్స్‌మన్, కొలరాడోకు చెందిన విలియం వుడ్ దీనికి సారథులు. హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ ధనసహాయము చేసినది. వచ్చినవారు ఊరక కూర్చుండి వినుట ఇచ్చట లేదు. చిన్న చిన్న జట్లుగా విడిపోయి, ఒక్కొక్క జట్టు ఒక పాఠమును తయారుచేయవలెను. దానిని మిగిలిన వారి ఎదుట చెప్పవలెను. వారి విమర్శను విని దిద్దుకొనవలెను. ఇట్టిదే మరియొక కార్యక్రమము జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానపు ధనముతో అనేక దఫాలుగా జరిగినది. రెంటి ఆశయము ఒక్కటే: ఉపన్యాసము తగ్గవలెను, విద్యార్థి ఆలోచించుట హెచ్చవలెను. బోధనలో దీనినే విద్యార్థి ప్రధానమైన పద్ధతి యందురు.

శిబిరములు ముగిసినవి. వచ్చినవారు తృప్తిపడిరి. తాము చాల నేర్చుకొంటిమని వ్రాసియిచ్చిరి. సామాన్యముగా కథ ఇచ్చటనే కంచికి పోవును. నిర్వాహకులు ఆ కాగితములను లెక్కించి, నూటికి ఇందరు సంతోషించిరని నివేదిక వ్రాసి, మరుసటి ఏటికి ధనము కోరుదురు. మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన డయాన్ ఈబర్ట్-మే, ఆమె సహచరులు అంతటితో ఆగలేదు. శిక్షణ పొందినవారు తరువాత తమ తరగతులలో పాఠము చెప్పుచుండగా తీసిన వీడియోలను తెప్పించిరి. ఆ వీడియోలను తర్ఫీదు పొందిన పరిశీలకులకు చూపి మార్కులు వేయించిరి. ఫలితమును 2011లో 'బయోసైన్స్' పత్రికలో ప్రకటించిరి. వ్యాసము పేరులోనే సారమున్నది: మాటలలో చెప్పినది చేతలలో లేదు అని దాని భావము.

అంకెలు ఇవి. అడిగినపుడు సగటున నూటికి 89 మంది తమ పాఠములలో విద్యార్థి ప్రధానమైన మార్పులు తెచ్చితిమని చెప్పిరి. వీడియోలలో చూచినపుడు నూటికి 75 మంది ఉపన్యాస ప్రధానముగనే, అధ్యాపకుడే కేంద్రముగనే పాఠము చెప్పుచు కనబడిరి.

ఈ మార్కులు వేయు కొలబద్దను గూర్చి ఒక మాట చెప్పవలెను. దానిని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయములో తయారుచేసిరి. అందు 25 అంశములు కలవు. ఒక్కొక్క అంశమునకు సున్న మొదలు 4 వరకు మార్కులు, మొత్తము 100. విద్యార్థులకు ముందే తెలిసినదానిని అధ్యాపకుడు గమనించి పాఠమును మలచెనా? ప్రయోగము చేయకముందు ఏమగునో ఊహింపుమని విద్యార్థులను కోరెనా? తరగతిలో వినబడిన మాటలలో విద్యార్థుల మాటలెన్ని? పరిశీలకుడు చూచునవి ఇట్టివి. గంటసేపు ఎడతెగక ఉపన్యసించు మేధావికి, ఆయన చెప్పినదంతయు సత్యమే యైనను, ఈ కొలబద్దపై మార్కులు తక్కువయే వచ్చును. సగము మార్కులు దాటినచో ఆ తరగతి కొత్తదారి పట్టినదని ఎంచుదురు.

ఈ పరిశోధన వెలువడిన నాటి నుండి దీనిని ఉదాహరించు వారందరు 89, 75 అను రెండంకెలను పక్కపక్కన నిలిపి, అధ్యాపకులు తమ్ము తామే మోసగించుకొనుచున్నారని తీర్పు చెప్పుట పరిపాటియైనది. ఈ తీర్పు తొందరపాటుది. రెండంకెలును ఏకకాలమున నిజము కావచ్చును. అడిగిన ప్రశ్న మార్పు తెచ్చితిరా యని. చూచినది మార్పు ఎంతవరకు వచ్చినదని. యాబది నిమిషముల పాఠములో ఒక్క ప్రశ్నను కొత్తగా చేర్చినవాడు మార్పు తెచ్చితినని చెప్పినచో అది అబద్ధము కాదు. ఆ ఒక్క ప్రశ్న అతని పాఠమును ఉపన్యాసము కాకుండ చేయదు, అంతే.

దీనిని ఒక ఉదాహరణముతో చూచిన స్పష్టమగును. లారీ యొకటి ఎదురుగా వచ్చు సైకిలును ఢీకొన్నది. లారీ సైకిలుపై చూపిన బలము ఎక్కువయా, సైకిలు లారీపై చూపిన బలము ఎక్కువయా, రెండును సమానమా? న్యూటను మూడవ నియమమును తప్పులేక ఒప్పజెప్పిన తరగతిలోనే లారీ బలము ఎక్కువ అను జవాబునకు చేతులు లేచును. నియమము నాలుకపై నున్నది, నుజ్జయిన సైకిలు కన్నుల యెదుట నున్నది, గెలుచునది సైకిలే. బలములు సమానమే; కాని లారీ బరువు 10,000 కిలోగ్రాములు, మనిషితో కూడ సైకిలు 80 కిలోగ్రాములు అనుకొన్నచో, అదే బలము సైకిలునకు కలిగించు త్వరణము లారీకి కలిగించు దానికంటె 125 రెట్లుండును. నుజ్జగుటకు కారణము అది.

హార్వర్డులో ఎరిక్ మజూర్ 1991 నుండి ప్రచారములోనికి తెచ్చిన పద్ధతిలో ఇట్టి ప్రశ్నను ఎట్లు వాడుదురో చూడుడు. అధ్యాపకుడు ప్రశ్న వేసి జవాబు చెప్పడు. ప్రతి విద్యార్థియు తనలో తాను ఆలోచించి ఒక జవాబునకు ఓటు వేయవలెను. పిమ్మట పక్కవానితో వాదింపవలెను. లారీ బలమే ఎక్కువ అన్నవాడు ఎందులకో చెప్పవలెను. సమానమన్నవాడు సైకిలే ఎందులకు నుజ్జయ్యెనో చెప్పవలెను. తరగతి సంతవలె మ్రోగును. మరల ఓటు. అప్పుడు గాని అధ్యాపకుడు నోరు విప్పడు. ఈ మొత్తమునకు ఎనిమిది పది నిమిషములు పట్టును. తరగతి ఏమనుకొనుచున్నదో లెక్కతో సహా అధ్యాపకునికి తెలియును.

శిబిరమున ఈ పద్ధతిని చూచి మెచ్చి వచ్చిన అధ్యాపకుడు తన తరగతిలో చేయునదేమి? లారీ ప్రశ్ననే వేయును. ముందు బల్లపై ముగ్గురు జవాబు చెప్పుదురు. అందొకటి సరియైనదగును. "అవును, సమానము, ఏలయన..." అని తానే వివరించును. రెండు నిమిషములలో పని ముగియును. వెనుక బల్లలవారు ఎప్పటివలెనే వ్రాసికొందురు. ప్రశ్న కొత్తది, పద్ధతి పాతది. అమెరికాలో మేరీ బడ్ రో అను పరిశోధకురాలు 1970 ప్రాంతమున పాఠశాల తరగతులను టేపులపై రికార్డు చేసి విని, ప్రశ్న వేసిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నారని కనిపెట్టినది. మూడు సెకనులో అంతకు మించియో ఆగినచో పిల్లల జవాబులు పొడవగుటయు, మాట్లాడని పిల్లలు మాట్లాడుటయు గమనించినది. మూడు సెకనుల మౌనము భరించుట ఎంత కష్టమో ప్రతి ఉపాధ్యాయునికి తెలియును. ఇట్టి చిన్న అలవాటు ఒక వారపు శిబిరములో మారునని ఆశించుటయే వింత.

వర్క్‌షాపు అను మాట ఇనుప పని చేయు చోటు నుండి వచ్చినది. ఐ.టి.ఐ.లో టర్నరు పని నేర్చు కుర్రవాడు లేతు ముందు నిలిచి ఇనుపముక్కను తిప్పును, కాలిపర్సుతో కొలుచును, కొలత తప్పిన ముక్కను పారవేసి మరియొకటి మొదలుపెట్టును. లేతు ఎట్లు తిరుగునో విని, విన్నది బాగున్నదని కాగితముపై సంతకము పెట్టి వచ్చిన వానిని టర్నరు అనరు. అధ్యాపకుల వర్క్‌షాపులలో పేరు మాత్రము లేతు వద్ద నుండి వచ్చినది. కాలిపర్సు అక్కడనే నిలిచిపోయినది. ఈబర్ట్-మే బృందము చేసిన ఉపకారము ఆ కాలిపర్సును తెచ్చుట.

అయినను ఆ కాలిపర్సు కొలిచినదేమి, కొలువనిదేమి అని అడుగక తప్పదు. ఇందు రెండు లోపములు కనబడుచున్నవి. నూటికి 75 అను అంకె శిబిరము తరువాతి స్థితిని చెప్పును. ఎంత దూరము నడచి అచ్చటికి చేరిరో చెప్పదు. కొండ ఎక్కువాడు సగము దారిలో నున్నాడని చూచి, వాడు ఎక్కలేదనుట న్యాయము కాదు. ఇక రెండవది ఇంతకంటె పెద్దది. కొలబద్ద కొలిచినది అధ్యాపకుని నడతను, విద్యార్థి నేర్చినదానిని కాదు. విద్యార్థులు మాట్లాడుకొను తరగతియెల్ల నేర్చుకొను తరగతి అనుటకు వీలులేదు. పనికిమాలిన ప్రశ్నపై పది నిమిషములు వాదించినను కొలబద్దపై మార్కులు పడవచ్చును.

ఈ రెండవ లోపమునకు సమాధానము ఇతర పరిశోధనలలో కొంత దొరకును. స్కాట్ ఫ్రీమన్, ఆయన సహచరులు 2014లో 225 పరిశోధనల ఫలితములను కూర్చి చూచిరి. విజ్ఞానశాస్త్రము, గణితము, ఇంజనీరింగులలో కేవలము ఉపన్యాసము విన్న తరగతులలో నూటికి 33.8 మంది తప్పుచుండగా, విద్యార్థులు పాల్గొను తరగతులలో 21.8 మంది తప్పిరి. వేయిమంది చదువు కళాశాలలో ఈ తేడా 120 మంది. వారిలో ప్రతివానికి ఒక ఇల్లు, కట్టిన రుసుము, పోయిన ఏడు ఉండును. కావున అధ్యాపకుని నడతను కొలుచుట వ్యర్థము కాదు. నడత బాగుగా మారినచోట సగటున చదువు మారినదని ఆధారమున్నది. అయినను నడతను కొలిచి ఊరకుండుట సగము పనియే. అదే తరగతి విద్యార్థులకు ముందొకమారు, వెనుకనొకమారు పరీక్ష పెట్టి చూచినగాని లెక్క పూర్తి కాదు.

శిక్షణ పొందినవారు ఎందుకు మారరు? బద్ధకమని చెప్పుట సులభము, కాని అది నిజము కాదు. ఛార్లెస్ హెండర్సన్, మెలిస్సా డాన్సీ మొదలగువారు అమెరికాలో 722 మంది భౌతికశాస్త్ర అధ్యాపకులను ప్రశ్నించి 2012లో ఫలితములు ప్రకటించిరి. కొత్త పద్ధతులలో ఒకదానినైన ఎరిగినవారు నూటికి 88 మంది. ప్రయత్నించి చూచినవారు 72 మంది. అందు మూడవ వంతు తరువాత మానివేసిరి. అనగా జబ్బు తెలియమిలో లేదు. మందు పేరు అందరికి తెలియును. కొందరు వాడిరి కూడ. వాడుచు వాడుచు విడిచిపెట్టిరి. (ఈ అంకెలును అధ్యాపకులు తమను గూర్చి తాము చెప్పినవే. వీడియోలో చూచినచో ఇంకను తగ్గవచ్చునని ఈపాటికి పాఠకులు గ్రహించియుందురు.) మూడు నాలుగు వందలమంది కూర్చుండు మెట్ల హాలు, కదలని బల్లలు, ముగియని సిలబసు, పదోన్నతికి పరిశోధన పత్రములనే లెక్కించు పద్ధతి, ఇవన్నియు పాత దారినే నడువుమని అధ్యాపకుని వెనుకకు లాగుచుండును. శిబిరము అతనిని మార్చి పంపును. అతడు చేరుచోటు మాత్రము మారక యుండును.

విద్యార్థులును లాగుదురు. హార్వర్డు భౌతికశాస్త్ర తరగతులలో లూయీ డెలోరియే మొదలగువారు 2019లో ప్రకటించిన ప్రయోగము ఈ విషయమున చాల విలువైనది. విద్యార్థులు పాల్గొనిన తరగతిలో వారు ఎక్కువ నేర్చుకొనిరి, పరీక్షలో తేలినది. అయినను తాము తక్కువ నేర్చితిమనియే వారు భావించిరి. చక్కని ఉపన్యాసము విన్నపుడు అంతయు అర్థమైనట్లుండును. తానే తన్నుకులాడినపుడు ఏమియు రానట్లుండును. ఆ తన్నుకులాటయే చదువు. కాని మనస్సునకు అది ఓటమివలె తోచును. తరగతి చివర విద్యార్థి నింపు అభిప్రాయ పత్రమును నమ్మి అధ్యాపకుని తూచుచోట, కొత్తదారి పట్టిన అధ్యాపకునికి తక్కువ మార్కులు వచ్చు ప్రమాదమున్నది. శిబిరము చివర అధ్యాపకుడు నింపు అభిప్రాయ పత్రమునకును ఇదే నియమము వర్తించును. ఆనందించుట, నేర్చుకొనుట వేరువేరు రాశులు; ఒకదానిని కొలిచి రెండవదాని విలువ చెప్పుట ఉష్ణమాపకముతో బరువు తూచుట వంటిది.

ఇప్పుడు భారతదేశపు ఏర్పాటును ఈ వెలుగులో చూడవలెను. 2018 నాటి గ్రాంట్ల సంఘపు నిబంధనల ప్రకారము సహాయాచార్యుడు మొదటి మెట్టునుండి పై మెట్టునకు పోవలెనన్న 21 దినముల ఓరియంటేషన్ కార్యక్రమమునకు హాజరు కావలెను; దానికి తోడు పునశ్చరణ తరగతులో, వానికి సమానమైన మరియొకటియో పూర్తిచేయవలెను. ఈ నిబంధన వలన ఒక మేలు జరిగినది. హాజరు ఖాయమైనది. అమెరికాలో శిబిరమునకు వచ్చువారు ముందే బోధనపై ఆసక్తి గలవారు; ఇచ్చట ఆసక్తి ఉన్నవారు, లేనివారు అందరును రావలసినదే. ఇది చిన్న మేలు కాదు. జీవితమున ఎన్నడును బోధనను గూర్చి వినని రసాయనశాస్త్రజ్ఞుడు మూడు వారములు దానిని గూర్చి వినును. చరిత్ర, వాణిజ్యము చెప్పువారితో కలిసి భోజనము చేయును. తన కష్టము ఇతరులకును ఉన్నదని తెలిసికొనును.

కీడును ఆ నిబంధనలోనే ఉన్నది. పదోన్నతి కోరునది సర్టిఫికెట్టును. సర్టిఫికెట్టు కోరునది హాజరును, ముగింపులో ఒక పరీక్షను. అధ్యాపకుడు తిరిగి తన కళాశాలకు వెళ్లిన పిమ్మట అతని తరగతి తలుపు తెరచి చూడవలెనని ఈ గొలుసులో ఏ కొలికియు కోరదు. కోరనిదానిని ఎవరును చేయరు. పైగా ఉపన్యాసము వలదని ఉపన్యసించుట, అందును దినమునకు నాలుగు గంటలు, బోధన శిబిరములలో ఎక్కడైనను కనబడు విడ్డూరము. విన్నవాడు చెప్పిన మాటను మరచును, చెప్పిన తీరును అనుకరించును. 2020 నాటి జాతీయ విద్యావిధానము పాఠశాల ఉపాధ్యాయులకు సైతము ఏటేట కనీసము 50 గంటల వృత్తి శిక్షణ ఉండవలెనన్నది. గంటలు లెక్కించుట ఇచ్చటను మొదలైనదన్నమాట. కావున ఈ ముచ్చట విశ్వవిద్యాలయములవారిది మాత్రమేనని ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఊరకుండుటకు వీలులేదు. శిబిరము నుండి తిరిగివచ్చిన ఉపాధ్యాయుని పాఠమును తోటి ఉపాధ్యాయుడొకడు వెనుక బల్లపై కూర్చుండి రెండు నిమిషములకొకమారు గడియారము చూచి, ఆ రెండు నిమిషములలో మాట్లాడినదెవరు, వ్రాసినదెవరు, ఆలోచించినదెవరు అని గీతలు గీయుటకు పెద్ద ధనము అక్కరలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, అమెరికాలోని మేన్ విశ్వవిద్యాలయములవారు 2013లో ఇట్టి పట్టికనే తయారుచేసిరి. దానితో ఉత్తర అమెరికాలోని 25 సంస్థలలో రెండువేలకు పైగా తరగతులను పరిశీలించి, నూటికి 55 తరగతులలో ఉపన్యాసమే రాజ్యమేలుచున్నదని 2018లో 'సైన్స్' పత్రికలో ప్రకటించిరి. ఆ పట్టికలో మార్కులు లేవు. మంచి చెడ్డల తీర్పు లేదు. ఏమి జరిగినదో మాత్రము ఉండును. అందువలన పై అధికారి చేతిలో కొరడా కాకుండ, ఉపాధ్యాయుని చేతిలో అద్దముగ నుండుటకు అది తగియున్నది. అధికారి చేతికి పోయిననాడు అదియు మరియొక సర్టిఫికెట్టు కాగలదు.

ఈబర్ట్-మే బృందము తమ వైఫల్యమును ప్రకటించి ఊరకుండలేదు. శిబిరమునే మార్చిరి. పాతబడిన అలవాట్లు గల ఆచార్యులకు మారుగా, పరిశోధన పట్టము పొంది ఇంకను ఉద్యోగములో కుదురుకొనని యువ జీవశాస్త్రజ్ఞులను సుమారు రెండు వందల మందిని ఎన్నుకొనిరి. శిక్షణను వారముతో ముగింపక రెండేండ్లు సాగించిరి. మొదటి వేసవిలో నేర్చినదానితో ఏడాదిలో నిజమైన తరగతిని చెప్పవలెను. ఆ పాఠముల వీడియోలతో రెండవ వేసవికి తిరిగి రావలెను. తప్పినచోట దిద్దుకొని మరల చెప్పవలెను. కొలత తప్పిన ముక్కను పారవేసి మరియొకటి మొదలుపెట్టుట అనగా ఇదే. వారు ఉద్యోగములలో చేరిన పిమ్మట, అవే సంస్థలలో ఇంచుమించు అట్టి పాఠములే చెప్పుచున్న ఇతర అధ్యాపకులతో పోల్చి చూచిరి. ఈమారు పోల్చుటకు తోడు ఉన్నది గనుక, మునుపటి పరిశోధనకు ఉండిన లోపము చాలవరకు తీరినది. 2016లో వెలువడిన ఫలితములో శిక్షణ పొందినవారి తరగతులు స్పష్టముగ విద్యార్థి ప్రధానముగ కనబడినవి. అంతటితోను వదలక, శిక్షణ ముగిసిన ఆరు మొదలు తొమ్మిదేండ్లకు మరల వారి తరగతులను చూచిరి. 2020లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో ప్రకటించిన ఆ లెక్క ప్రకారము, అప్పటికి ఆచార్య పదవులలో కుదురుకొని, పరిశోధన భారము మోయుచు, పెద్ద పెద్ద తరగతులు చెప్పుచున్నను వారు పాత ఉపన్యాసమునకు మరలిపోలేదు.